యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 – ఆగష్టు 1948) ప్రఖ్యాత తెలుగు జీవరసాయన శాస్త్రవేత్త. నేడు గర్భిణులకు ఇచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన పరిశోధక బృందానికి సారథ్యం వహించాడు.

బాల్యము, విద్యాభ్యాసము

సుబ్బారావు భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. పేద కుటుంబం. తండ్రి మరణించాక తల్లి నగలు అమ్మి చదివించింది. మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు గాంధీజీ పిలుపు ననుసరించి ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యాడు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది.

ఆయన సోదరులిద్దరు స్ప్రూ వ్యాధితో కొద్ది రోజుల తేడాలో మరణించారు. ఇది ఆహార సారం ఒంటబట్టనీయక, రక్తహీనత కలిగించే పేగుల వ్యాధి. అదే వ్యాధి సోకిన సుబ్బారావు ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడు.

అమెరికాలో పరిశోధనలు

మామగారి ఆర్థిక సహాయంతో భార్య శేషగిరిని ఇక్కడే విడిచి 1922లో బోస్టన్ చేరాడు. మళ్ళీ స్వదేశానికి తిరిగి రాలేదు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. గుండెతో సహా కండరాలన్నిటికీ శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి.లను కూడా వీరు గుర్తించారు. ఏ.టి.పి.ని 1929లోనే జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనుగొన్నాడు.

ఫోలిక్ ఆమ్లము

బొంబాయి గర్భిణులలో కనిపించిన ఒక రకం తీవ్ర రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతుందని లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు 1931లో ప్రకటించింది. అందులోని పోషకం ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలింది. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరిన సుబ్బారావు బృందం 1945లో దీనిని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకూ ఇదే మందయ్యింది. సోదరులను బలిగొన్న వ్యాధికి ఈ విధంగా సమాధానం లభించింది.

ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డగించే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా ఈ పరిశోధనల ఫలితమే. 1948లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌తో పిల్లల రక్త క్యాన్సరును తాత్కాలికంగా అదుపు చేశాడు. అయితే ఇవి గర్భస్థ శిశువుకు హాని చేస్తాయి కనుక గర్భిణులు వాడరాదు.

మరణము, తదనంతరము

సుబ్బారావు తన 53వ ఏట న్యూయార్క్ రాష్ట్రంలో నిద్రలోనే మరణించాడు. 1995లో శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.

ఆయన కృషి పూర్తి ప్రయోజనం మరణానంతరమే తెలిసింది. గర్భధారణకు ముందునుండే ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే శిశువు మెదడు, వెన్నుపాము లోపాలు చాలావరకు నివారించవచ్చునని 1991లో బ్రిటన్ పరిశోధన నిరూపించింది. ఈ అవయవాలకు మూలమైన నాడీనాళం గర్భం నిలిచిన నాలుగు వారాలలోపే మూసుకుంటుంది. అప్పటికి తల్లికి గర్భం సంగతి తెలియకపోవచ్చు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భధారణకు ప్రయత్నించే నాటినుండి 12వ వారం వరకు రోజుకు 400 మైక్రోగ్రాములు సిఫారసు చేస్తోంది.

తల్లికి స్థూలకాయం ఉంటే ఈ లోపాలతోబాటు శిశువుకు పుట్టుకతో వచ్చే గుండె లోపాల ప్రమాదం కూడా కొంత పెరుగుతుంది. కావున మాత్రతోనే సరిపెట్టక, గర్భానికి ముందే ఆకుకూరలు, పప్పుధాన్యాలతో కూడిన మితాహారం, నడక అలవరచుకొని బరువును అదుపులో ఉంచుకోవడం అవసరం. స్థూలకాయం ఉన్నవారికి ఎక్కువ మోతాదు అవసరం కావచ్చు. దానిని వైద్యులే నిర్ణయించాలి.