బాబాసాహెబ్ మొదటి ఉద్యోగం

డిగ్రీ చేతికొచ్చిన ఏడాది ఎట్లా ఉంటుందో మన హాస్టల్లో చదివి బయటికెళ్ళిన ప్రతి ఒక్కరికీ తెలుసు. పరీక్షలు అయిపోగానే ట్రంకు పెట్టె, దుప్పటి, సర్టిఫికెట్ల ఫైలు తీసుకుని ఊరికి పోతాం. నాలుగు రోజులు గడవగానే ఎదురైన ప్రతివాళ్ళూ ఉద్యోగం సంగతి అడుగుతారు. అమ్మానాన్నలు మాత్రం అడగరు. వాళ్ళు అడగకపోవడమే మనకు ఎక్కువ బాధగా ఉంటుంది.

ప్రతి ఏప్రిల్ 14న మనం హాస్టల్లో అంబేద్కర్ గారి పటానికి దండ వేస్తాం. రాజ్యాంగం గురించి ఉపన్యాసాలు చెప్పుకుంటాం. ఆ మహానుభావుడు కూడా ఒకప్పుడు మనలాగే చదువు ముగించుకుని ఉద్యోగం కోసం, తల దాచుకునే చోటు కోసం తిరిగారన్న సంగతి మాత్రం ఎక్కువగా చెప్పుకోం. ఈ వార్షికోత్సవ సంచికలో ఆ రోజుల గురించి తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెప్పాలని పూర్వ విద్యార్థులమైన మేము అనుకున్నాం.

భీమ్‌రావ్ అంబేద్కర్ 1891 ఏప్రిల్ 14న మౌ కంటోన్మెంటులో పుట్టారు. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారుగా పనిచేసినవారు. మహర్ కులంలో పుట్టినందువల్ల బడిలో విడిగా కూర్చోవడం, దాహమేస్తే వేరొకరు నీళ్ళు పోసేదాకా ఆగడం ఆయనకు చిన్ననాడే అలవాటయింది. 1907లో మెట్రిక్ పాసయ్యారు. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ నెలకు 25 రూపాయల స్కాలర్‌షిప్ ఇవ్వడంతో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో చేరి, 1912లో బి.ఏ. పరీక్ష రాశారు.

చదివించిన సంస్థానంలోనే పనిచేయాలని 1913 జనవరిలో బరోడా వెళ్ళి సైన్యంలో లెఫ్టినెంటుగా చేరారు. అదే ఆయన మొదటి ఉద్యోగం. కొడుకు బరోడా వెళ్ళడం తండ్రికి ఇష్టం లేదు. అక్కడి కుల కట్టుబాట్లు ఎంత గట్టివో ఆయనకు తెలుసు. చేరి పట్టుమని పదిహేను రోజులు కాగానే తండ్రికి జబ్బుగా ఉందని తంతి వచ్చింది. ఆ కుర్రవాడు హడావుడిగా రైలెక్కి, తండ్రికి మిఠాయి కొందామని సూరత్ స్టేషనులో దిగాడు. ఈలోగా రైలు వెళ్ళిపోయింది. ఇల్లు చేరేసరికి మరునాడైంది. 1913 ఫిబ్రవరి 2న రాంజీ కన్నుమూశారు. మొదటి ఉద్యోగం అంతటితో ముగిసింది.

కొద్ది నెలల్లోనే మహారాజు విదేశీ చదువుకు సాయం చేయడానికి ముందుకొచ్చారు. చదువు పూర్తయ్యాక పదేళ్ళు బరోడా సంస్థానంలో పనిచేయాలన్నది షరతు. సంతకం పెట్టి అమెరికా వెళ్ళారు. 1915లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పూర్తిచేశారు. 1916లో లండన్ చేరి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదువు, గ్రేస్ ఇన్‌లో న్యాయవిద్య మొదలుపెట్టారు. అంతలో స్కాలర్‌షిప్ గడువు తీరిపోయింది. చదువు సగంలో ఆపి 1917 ఆగస్టులో తిరిగి వచ్చారు. విడిగా ఓడలో పంపిన పుస్తకాలు యుద్ధంలో ఓడతోపాటు మునిగిపోయాయి.

మాట ప్రకారం 1917 సెప్టెంబరులో బరోడా వెళ్ళారు. మహారాజుకు మిలిటరీ సెక్రటరీగా నియామకం. మున్ముందు ఆర్థిక మంత్రిని చేయాలన్నది మహారాజు ఆలోచన. పని నేర్చుకోవడానికి ముందు అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో వేశారు. అంత చదివిన అధికారి చేతికి కాగితం అందించడానికి బంట్రోతులు ఇష్టపడలేదు. దూరం నుంచే ఫైళ్ళు బల్లమీదికి విసిరేవారు. ఆఫీసులో తాగడానికి నీళ్ళు దొరికేవి కావు.

అసలు కష్టం సాయంత్రం ఆఫీసు వదిలాక. ఉండటానికి ఇల్లు లేదు. హిందూ హోటళ్ళలో చోటివ్వరు. చివరకు ఒక పార్సీ సత్రంలో, రిజిస్టరులో పార్సీ పేరు రాయించుకుని దిగారు. పైఅంతస్తులో ఆయన ఒక్కరే. పాత సామాన్లు పడేసిన హాలు, మసక లాంతరు వెలుగు, మాట్లాడేవాళ్ళు లేరు. పుస్తకాలు చదువుకుంటూ రాత్రులు గడిపారు.

పదకొండో రోజు ఉదయం ఆఫీసుకు బయలుదేరుతుంటే కర్రలు పట్టుకున్న పార్సీలు పదిపన్నెండు మంది వచ్చి నిలదీశారు. సత్రం మైలపడిందని కేకలేశారు. వారం రోజులు గడువు అడిగితే ఒప్పుకోలేదు. సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నారు. ఆరోజు ఆయన ఇద్దరు స్నేహితుల్ని అడిగారు. ఒకరు హిందువు. తన ఇంటికి రానిస్తే నౌకర్లు వెళ్ళిపోతారని చెప్పారు. రెండోవారు క్రైస్తవులు. భార్య ఊళ్ళో లేదు, వచ్చాక అడిగి చెబుతానన్నారు. బొంబాయి రైలు రాత్రి 9 గంటలకు. అప్పటిదాకా కామాఠీ బాగ్ అనే తోటలో చెట్టుకింద ఐదు గంటలు కూర్చుని, కన్నీళ్ళు పెట్టుకుని, రైలెక్కారు.

ఇక్కడ మనం కాస్త ఆగి ఆలోచించాలి. ఆయనకు అర్హత తక్కువ కాలేదు. నియామకపు ఉత్తర్వు ఉంది. మహారాజు అండ ఉంది. లేనిదల్లా రాత్రి పడుకోవడానికి ఒక చాప పరిచే చోటు. అది లేకనే ఉద్యోగం పోయింది.

బొంబాయిలో ఇల్లు గడవాలి. ఇద్దరు విద్యార్థులకు ట్యూషన్ చెప్పారు. షేర్ల వ్యాపారులకు సలహాలిచ్చే చిన్న సంస్థ పెట్టారు. సలహా ఇచ్చే మనిషి కులం తెలియగానే వచ్చేవాళ్ళు రావడం మానేశారు. అది మూతపడింది. దాదాపు ఏడాదిపాటు ఇదే పరిస్థితి.

1918 నవంబరులో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో అర్థశాస్త్ర ఆచార్యుడి ఉద్యోగం దొరికింది. తాత్కాలికమే. జీతం నెలకు 450 రూపాయలు. అక్కడా కొందరు తోటి అధ్యాపకులు తమ కుండలో నీళ్ళు ఆయన తాగకూడదన్నారు. ఆయన మాత్రం పాఠం మీదే మనసు పెట్టారు. ఇతర కాలేజీల విద్యార్థులు కూడా ఆయన పాఠం వినడానికి వచ్చేవారు. జీతం పెరిగిందని చాల్ వదిలి పెద్ద ఇంటికి మారలేదు. భార్య రమాబాయి గారు పొదుపుగా సంసారం నడిపారు. రూపాయి రూపాయి దాచి, 1920 మార్చిలో ఉద్యోగం వదిలి, ఆగిపోయిన చదువు కోసం మళ్ళీ లండన్ వెళ్ళారు. కొల్హాపూర్ మహారాజు సాయం చేశారు. నవల్ భథేనా అనే మిత్రుడు 5,000 రూపాయలు అప్పు ఇచ్చారు. ఆ మిత్రుడూ పార్సీయే. కర్రలతో వచ్చినవాళ్ళు, చేయి అందించినవాడు ఒకే మతంవాళ్ళని మనం గుర్తుంచుకోవాలి.

1923లో బారిస్టర్ పట్టాతో తిరిగివచ్చిన తర్వాత కూడా కేసులు సరిగా రాక, 1925 నుంచి ఒక శిక్షణ సంస్థలో పార్ట్‌టైమ్‌గా వాణిజ్య చట్టం బోధించారు. ఆ ఇబ్బందుల్లోనే ఆయన చేసిన పని చూడండి. 1924లో బహిష్కృత హితకారిణి సభ స్థాపించారు. 1925 జనవరిలో ఆ సభ షోలాపూర్‌లో మన పిల్లల కోసం హాస్టల్ తెరిచింది. బరోడాలో చోటు దొరకని మనిషి, తరువాతి తరానికి ముందుగా ఏర్పాటు చేసినవాటిలో హాస్టల్ ఒకటి. వైస్రాయి కౌన్సిల్‌లో సభ్యుడిగా ఉన్న కాలంలో, 1943లో కేంద్ర ఉద్యోగాల్లో షెడ్యూల్డు కులాలకు 8.33 శాతం కోటా వచ్చింది. 1944లో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. మనలో ఎందరి ఫీజులో ఆ స్కాలర్‌షిప్ ఉందో లెక్క కట్టలేం. 1953 జనవరిలో మన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1956 డిసెంబరు 6న ఆయన కన్నుమూశారు.

మాలో చాలామందిమి నగరంలో మొదటి ఉద్యోగం కోసం వచ్చినప్పుడు అద్దె గదుల దగ్గర ఇంటిపేరు, ఊరు, ఆ తర్వాత మెల్లగా కులం అడిగించుకున్నవాళ్ళమే. ఆ రోజుల్లో ముందు బ్యాచ్ అన్నలు తమ గదిలో చోటిచ్చి, ఇంటర్వ్యూకు ఇస్త్రీ చొక్కా ఇచ్చి, చార్జీలకు డబ్బులిచ్చి పంపారు. ఆ బాకీ వాళ్ళకు తీర్చేది కాదు. వెనక వచ్చేవాళ్ళకు తీర్చాలి.

అందుకే తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! పరీక్షకో, ఇంటర్వ్యూకో, కొత్త ఉద్యోగంలో చేరడానికో మేమున్న ఊరికి వస్తే మొహమాటపడకుండా ముందుగా చెప్పండి. మా ఇళ్ళలో, గదుల్లో మీకు చోటుంది. మొదటి జీతం వచ్చేదాకా ఉండండి. మొదటి ఉద్యోగం చేజారితే మీ చదువు చేజారినట్టు కాదు. రేపు మీకు ఉద్యోగం వచ్చాక, మీ తలుపు కొట్టే మన హాస్టల్ పిల్లవాణ్ణి పార్కులో కూర్చోనివ్వకండి. లోపలికి పిలవండి.

జై భీమ్!