చందుపట్ల శాసనం నిలిపిన స్మృతి – వీరనారి కాకతి రుద్రమదేవి

హైదరాబాద్, నవంబరు 26: నల్గొండ జిల్లా నకిరేకల్ మండలంలోని చందుపట్ల గ్రామంలో ఒక శిలాశాసనం ఉంది. శక సంవత్సరం 1211, విరోధి నామ సంవత్సర మార్గశిర శుద్ధ ద్వాదశి నాడు, అనగా క్రీ.శ. 1289 నవంబరు 27న దానిని వేయించినవాడు రాజు కాదు, సామంతుడు కాదు, ఆస్థాన పండితుడూ కాదు. సేనాని మల్లికార్జున నాయకుని కొలువులోని పువ్వుల ముమ్మడి అనే సేవకుడు. కాకతి రుద్రమదేవికి, తన యజమాని మల్లికార్జున నాయకునికి శివలోకప్రాప్తి కలగాలని కోరుతూ అతడు స్థానిక సోమనాథ దేవునికి భూమిని దానం చేశాడు. మహారాణినీ, ఆమె సేనానినీ ఒకే శాసనంలో కలిపి స్మరించిన ఆ కొద్ది పంక్తులు తెలుగువారి చరిత్రలో ఒక పెద్ద చిక్కును విప్పాయి. ఈ శాసనం వెలుగులోకి రాకముందు రుద్రమ పాలన 1295 ప్రాంతం వరకు సాగినట్లు చరిత్ర గ్రంథాలు చెప్పేవి. ఆమె అంతకు ఆరేళ్ళ ముందే కన్నుమూసిందని, అదీ సేనానితో పాటేనని ఈ శిల తెలియజేసింది.

రుద్రమదేవి కాకతీయ చక్రవర్తి గణపతిదేవుని కుమార్తె. 1199 నుండి ఆరు దశాబ్దాలకు పైగా పాలించి, తెలుగు దేశంలో అధికభాగాన్ని ఒక్క ఏలుబడి కిందికి తెచ్చిన గణపతిదేవునికి పుత్రసంతానం లేదు. మరో కుమార్తె గణపాంబను ధరణికోట ప్రభువు కోట బేతరాజుకు ఇచ్చి వివాహం చేశాడు. భర్త మరణానంతరం గణపాంబ కూడా ఆ ప్రాంతాన్ని పాలించింది. రుద్రమను మాత్రం తండ్రి రాజ్యానికి వారసురాలిగా తీర్చిదిద్దాడు. శాసనాలలో ఆమె పలుచోట్ల రుద్రదేవ మహారాజుగా పురుషనామంతోనే కనిపిస్తుంది. నిడదవోలు చాళుక్య వంశీయుడైన వీరభద్రునితో ఆమె వివాహం జరిగింది. రాజ్యభారం మాత్రం ఆమెదే.

పాలన ఆమె చేతికి వచ్చిన కాలం మంచిది కాదు. నెల్లూరు సమీపాన ముత్తుకూరు వద్ద పాండ్యుల చేతిలో గణపతిదేవుని సేనలు ఘోరంగా ఓడాయి. వృద్ధుడైన చక్రవర్తి క్రమంగా తెరమరుగయ్యాడు. 1262 ప్రాంతం నుండి రుద్రమ స్వయంగా పాలించినప్పటికీ, 1269 నాటికి కూడా ఆమె పట్టాభిషిక్తురాలు కాలేదని, పట్టోద్ధతి హోదాలోనే కొనసాగిందని శాసనాధారాలనుబట్టి తెలుస్తున్నది. స్త్రీ ఏలుబడిని సహించలేక హరిహరుడు, మురారి అనే సవతి సోదరులు తిరుగుబాటు చేశారని, ఆమె వారిని అణచివేసిందని తర్వాతి కాలపు ప్రతాపచరిత్రం చెబుతున్నది. నాటకాలలో, చలనచిత్రాలలో ఈ ఘట్టానికి ఎంతో ప్రాచుర్యం లభించింది గాని, శాసనాల బలం దీనికి లేదు. ఆమె ఎదుర్కొన్న నిజమైన శత్రువులకైతే కొదువ లేదు.

పశ్చిమాన దేవగిరి యాదవ రాజు మహాదేవుడు దండెత్తి ఓరుగల్లు వరకు వచ్చాడు. రుద్రమ అతనిని ఓడించి, దేవగిరి వరకు తరిమి, అపార ధనాన్ని, అశ్వాలను కప్పంగా గైకొన్నదని ప్రతాపచరిత్రం వర్ణిస్తుంది. మహాదేవుని మంత్రి హేమాద్రి మాత్రం వేరొక కథ చెప్పాడు. స్త్రీ అన్న కారణంగానే తన ప్రభువు ఆమెను విడిచిపెట్టాడట. రెండు పక్షాలూ తమ తమ విజయాలను చాటుకోవడం ఆ కాలపు రివాజే. అయితే యాదవుల ఏలుబడిలో ఉండిన బీదరు కోటలో లభించిన శాసనం రుద్రమను రాయగజకేసరి బిరుదుతో పేర్కొని, ఆమె దండయాత్రలో పాల్గొన్న సింద భైరవుని ప్రస్తావిస్తుంది. స్త్రీ గనుక విడిచిపెట్టబడిన రాణి శాసనం శత్రువు కోటలో ఎలా వెలసిందన్న ప్రశ్నకు హేమాద్రి శ్లోకాలలో సమాధానం దొరకదు.

ఓరుగల్లు కోటలోని స్వయంభూ దేవాలయ శిథిలాలలో లభించిన శిల్పంలో ఖడ్గం, డాలు ధరించి సింహంపై ఆసీనురాలైన స్త్రీమూర్తి రుద్రమదేవిదేనని పండితుల భావన. తండ్రి ఆరంభించిన రాతికోటను పూర్తి చేసి, ప్రాకారపు ఎత్తు పెంచి, వెలుపల మట్టికోటను, అగడ్తను నిర్మింపజేసిన ఖ్యాతి కూడా ఆమెకే దక్కింది. తూర్పున గోదావరి తీరాన్ని ఆక్రమించిన కళింగ గంగరాజు భానుదేవుని సేనలను ఆమె సేనానులు పోతినాయకుడు, ప్రోలినాయకుడు పారద్రోలారు.

ఈ విజయాల వెనుక సైన్య నిర్మాణంలో ఆమె తెచ్చిన మార్పు ఉంది. ఉన్నత వంశాల సామంతులపైనే ఆధారపడక, కొలువులో విశ్వాసంగా పనిచేసిన సామాన్య యోధులను, అంగరక్షకులను ఆమె చేరదీసి పైకి తెచ్చింది. వారికి గ్రామాల ఆదాయాన్ని ఇచ్చి, ప్రతిగా సైనిక సేవను పొందే నాయంకర పద్ధతి ఆమె కాలంలోనే శాసనాలకెక్కింది. ఆమె ద్వారరక్షకుడు బొల్లి నాయకుడు తన నాయంకరమైన క్రంజ గ్రామంలో భూదానం చేసిన 1270 నాటి శాసనం ఇందుకు తార్కాణం. వాకిలి కాచిన భటుడు గ్రామాదాయాన్ని అనుభవిస్తూ, అందులో కొంత దానం చేయగలిగాడంటే ఆ కొలువు అతనిని ఎంతగా ఆదుకున్నదో ఊహించవచ్చును. మనుమడు ప్రతాపరుద్రుని కాలంలో విస్తరించి, విజయనగర రాజులకూ ఆదర్శమైన పద్ధతి ఇదే.

పాలనలో ఆమె దృష్టి కత్తికే పరిమితం కాలేదు. 1261 నాటి మల్కాపురం శాసనం ప్రకారం గణపతిదేవుడు విశ్వేశ్వర శంభువుకు మందడం గ్రామాన్ని, రుద్రమదేవి వెలగపూడిని సమర్పించారు. ఆ ఆదాయంతో విద్యామండపంతో పాటు ప్రసూతిశాల, ఆరోగ్యశాల నడిచాయి. ఏడున్నర శతాబ్దాల క్రితం ప్రసూతిశాలకు నిధులు ప్రత్యేకించడం విశేషమే. మోటుపల్లి రేవు రాజ్యాన్ని ముత్ఫిలిగా వర్ణించిన వెనిస్ యాత్రికుడు మార్కో పోలో, అక్కడి రాణి న్యాయపాలనను ఎంతో మెచ్చుకున్నాడు. అయితే ఆమెను గత రాజు భార్యగా పొరబడ్డాడు. కూతురు సింహాసనం ఎక్కుతుందన్నది ఆ యాత్రికుని ఊహకు అందలేదు కాబోలు.

కాయస్థ అంబదేవుని తిరుగుబాటు ఆమె చివరి పరీక్ష. గణపతిదేవుని అశ్వసేనలో ఎదిగిన కుటుంబం వారిది. ఆ కుటుంబపు అండతోనే కాకతీయులు దక్షిణ సరిహద్దులను కాపాడుకున్నారు. ఆ వంశంవాడే స్వతంత్రించి, ఇరుగుపొరుగు ప్రభువుల మద్దతుతో కాకతీయులపైకి లేచాడు. అతనిని అణచడానికి సాగిన యుద్ధంలోనే, వయసు మళ్ళిన రుద్రమదేవి మల్లికార్జున నాయకునితో కలసి నేలకొరిగిందని చరిత్రకారులు ఊహిస్తున్నారు. చందుపట్ల శాసనం మరణకారణం చెప్పలేదు. మరుసటి ఏడు త్రిపురాంతకంలో అంబదేవుడు వేయించిన శాసనం మల్లికార్జునుని సప్తాంగాలను హరించినట్లు గొప్పగా చాటుకుంటుంది గాని, రుద్రమ మరణాన్ని నేరుగా ప్రకటించదు. గెలిచినవాడు పేరెత్తలేదు. ఓడిన పక్షపు సామాన్య సేవకుడు మాత్రం ఇద్దరినీ పేరు పేరునా తలచి, భూమిని ధారపోశాడు. దత్తపుత్రుడై సింహాసనమెక్కిన ప్రతాపరుద్రుని సేనలు ఆ తర్వాత అంబదేవుని వెనక్కు నెట్టి త్రిపురాంతకాన్ని తిరిగి వశపరచుకున్నాయి.

1986లో హైదరాబాద్ ట్యాంక్‌బండ్‌పై ప్రతిష్ఠించిన ప్రముఖుల విగ్రహాలలో రుద్రమదేవి విగ్రహం కూడా ఉంది. ఓరుగల్లు కోటను ఏటా వేలాదిమంది దర్శిస్తారు. జాతీయ రహదారికి చేరువలోనే ఉన్న చందుపట్లకు వెళ్ళేవారు తక్కువ. రేపటి నవంబరు 27 ఆ శాసనం తేదీ. పది రోజుల తర్వాత, డిసెంబరు 7న, 1949 నుండి దేశమంతటా జరుపుకుంటున్న సాయుధ దళాల పతాక దినోత్సవం వస్తుంది. ఆనాడు సేకరించే విరాళాలు మాజీ సైనికుల, అమరుల కుటుంబాల, గాయపడిన జవానుల సంక్షేమానికి వినియోగమవుతాయి.

సైనిక నర్సింగ్ సేవలో మన మహిళలు స్వాతంత్ర్యానికి పూర్వమే ఉన్నారు. 1992 నుండి సైన్యంలోని ఇతర విభాగాలలో అధికారులుగా చేరారు. 2020లో సుప్రీంకోర్టు తీర్పుతో శాశ్వత కమిషన్‌కు అర్హత పొందారు. 2022లో జాతీయ రక్షణ అకాడమీలో తొలి మహిళా క్యాడెట్లు అడుగుపెట్టారు. సేవ ముగించి స్వస్థలాలకు తిరిగి వచ్చిన మహిళలను మాజీ సైనికులుగా గుర్తించడంలో చుట్టుపక్కలవారే కాదు, ఒక్కోసారి వారి ఇంటివారు కూడా వెనుకాడడం కద్దు. పింఛను పత్రాలు, పిల్లల చదువుకు సాయం, పునరుపాధి వంటి విషయాలలో మాజీ సైనికులు, స్త్రీలైనా పురుషులైనా, అలాగే సైనిక వితంతువులు తమ ప్రాంతానికి చెందిన జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవచ్చును. డిశ్చార్జి పుస్తకం, గుర్తింపు పత్రాలు వెంట తీసుకువెళ్ళవలసి ఉంటుంది.