బిరుదు దక్కని చిన్నకొడుకు

థర్మల్ స్టేషన్‌లో టర్బైన్ల దగ్గరే నా సర్వీసు గడిచింది. అందుకే మన స్వర్ణోత్సవ సంచికకు చార్లెస్ పార్సన్స్ గురించి రాస్తున్నాను.

ఆయన 1854లో పుట్టారు. తండ్రి మూడవ రాస్ ఎర్ల్. ఐర్లండ్‌లోని బర్ కోటలో, ఆరడుగుల అద్దంతో, ఆ కాలానికి ప్రపంచంలోనే పెద్ద టెలిస్కోపు కట్టించిన ప్రభువు. బ్రిటిష్ ప్రభువంశాల్లో సాధారణంగా బిరుదు పెద్దకొడుక్కే. 1867లో తండ్రి పోగానే అన్న లారెన్స్ నాలుగవ ఎర్ల్ అయ్యారు. కడగొట్టువాడైన చార్లెస్‌కు పేరు ముందు ‘ఆనరబుల్’ అన్న మాట మిగిలింది.

కేంబ్రిడ్జిలో గణితం చదివి, న్యూకాజిల్‌లోని ఆర్మ్‌స్ట్రాంగ్ కర్మాగారంలో అప్రెంటిస్‌గా చేరారు. ఎర్ల్ గారబ్బాయి చేతులకు గ్రీజు! 1884లో నిమిషానికి 18,000 చుట్లు తిరిగే ఆవిరి టర్బైన్ చేశారు. ఆవిరి ఒత్తిడిని ఒక్క దెబ్బతో కాక, వరుసలుగా అమర్చిన బ్లేడ్ల మీదుగా అంచెలంచెలుగా దించడమే అందులో కిటుకు. మా యంత్రాల్లో ఇప్పటికీ అదే. 1897 నౌకాదళ ప్రదర్శనలో ఆయన ‘టర్బీనియా’ను అందుకోగల ఓడే లేకపోయింది.

1911లో ‘సర్’ అయ్యారు. అది వారసత్వంగా వచ్చే బిరుదు కాదు. ఒక్కగానొక్క కొడుకు 1918లో యుద్ధంలో పోయాడు. కూతురు రేచెల్ ఇంజనీరై, 1919లో మహిళా ఇంజనీర్ల సంఘానికి తొలి అధ్యక్షురాలయ్యారు. పార్సన్స్ 1931లో వెస్టిండీస్ ఓడ ప్రయాణంలో కన్నుమూశారు.