వేలికొన కోసం పుట్టిన అక్షరం



డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిశాక మన సంఘాలన్నిటిలో జరిగేదే గుంతకల్లులో మా సంఘంలోనూ జరిగింది. పళ్లెంలో వాగ్దాన కార్డులు పెట్టాం. ఒక్కొక్కరే వచ్చి, ప్రార్థన చేసుకుని, ఒక్కో కార్డు తీసుకున్నారు. ఆ వరుసలో చూపు లేని ఒక సహోదరుడు కూడా వచ్చాడు. కార్డు తీసుకుని, నున్నని ఆ అట్టను బొటనవేలితో ఒకసారి నిమిరి జేబులో పెట్టుకున్నాడు. చదివి వినిపించే మనిషి కోసం గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాడని మరునాడు తెలిసింది. అందరూ ఇళ్లకు వెళ్లే తొందరలో ఉన్నారు. మేమూ అంతే. ఏళ్ల తరబడి అతని చేతికి అలాంటి కార్డే ఇస్తూ వచ్చాం. అది అతనికి వట్టి అట్టముక్క అని ఒక్కసారి కూడా మాకు తట్టలేదు.

అతనికి గ్రహింపు లేదా అంటే, మన జంక్షన్‌కు ఏ బండి ఏ వైపు నుంచి వస్తోందో చప్పుడును బట్టి చెప్పగలడు. కీర్తనలు ఎన్నో కంఠతా వచ్చు. చిన్నప్పుడు కరువుకు అమ్మానాన్నలు బెంగళూరు వలస పోతే అవ్వ దగ్గర పెరిగాడు. చూపు లేని పిల్లవాడిని బడికి పంపవచ్చునన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

జనవరి 4 లూయిస్ బ్రెయిలీ పుట్టినరోజు. 2019 నుంచి ఐక్యరాజ్యసమితి ఆ తేదీని ప్రపంచ బ్రెయిలీ దినంగా పాటిస్తోంది. మా మనసులో ఆ కార్డు మెదులుతుండగా ఆయన జీవితాన్ని మళ్లీ తిరగేశాం. అందులో మా తప్పు మాకు కనిపించింది.

ఫ్రాన్సులో పారిస్‌కు తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో కూప్‌వ్రే అనే పల్లె ఉంది. 1809లో లూయిస్ అక్కడ నలుగురు పిల్లల్లో చివరివాడుగా పుట్టాడు. తండ్రి సిమోన్ రెనే గుర్రాల జీనులు, పట్టీలు కుట్టే పనివాడు. మూడేళ్ల వయసులో పిల్లవాడు తండ్రి పనిముట్లతో ఆడుకుంటుండగా, తోలుకు బెజ్జాలు వేసే ఆర జారి కంట్లో దిగింది. తోలు పనితో బతికిన కుటుంబాలు మన సంఘాల్లో ఎన్నో ఉన్నాయి గనుక ఆ పనిముట్టు మొన ఎంత వాడిగా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. జబ్బు రెండో కంటికీ పాకింది. ఐదేళ్లకు చూపు పూర్తిగా పోయింది.

ఆ రోజుల్లో చూపులేని పేదవాడి బతుకు చాలావరకు అడుక్కోవడంతోనే గడిచేది. లూయిస్ తల్లిదండ్రులు అందుకు ఒప్పుకోలేదు. తండ్రి చేతికర్ర చేసిచ్చాడు. చెక్క మీద మేకులు అక్షరాల ఆకారంలో కొట్టి, తడిమి నేర్చుకోమన్నాడు. ఊరి చర్చి గురువు పాలుయి పిల్లవాడికి పూల వాసన, పక్షుల కూత, ఆకుల స్పర్శ ద్వారా లోకాన్ని పరిచయం చేసి, మామూలు బడిలోనే చేర్పించాడు. విన్నది విన్నట్టు పట్టుకునే పిల్లవాడు అక్కడ ముందు వరుసలో నిలిచాడు.

1819లో, పదేళ్ల వయసులో, లూయిస్‌ను పారిస్‌లోని అంధుల పాఠశాలకు పంపారు. 1785లో వాలెంటిన్ హావీ అనే దయగల మనిషి స్థాపించిన బడి అది. అక్కడ పుస్తకాలు ఉన్నాయి. తడి కాగితాన్ని పెద్ద పెద్ద అచ్చు అక్షరాల మీద ఒత్తి, అక్షరం ఉబ్బెత్తుగా లేచేలా చేసేవారు. ఒక్కో పుస్తకం మోయలేనంత బరువు. ఒక్కో అక్షరం అంచు వెంట వేలు తిప్పుకుంటూ పోవాలి. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోయేంత నిదానం. పైగా అలాంటి అక్షరాన్ని పిల్లలు తమంతట తాము రాయలేరు.

హావీది మంచి మనసే. ఆయన లేకపోతే ఆ బడే లేదు. కానీ ఆయన తీసుకున్నది కంటికి అలవాటైన అక్షరాన్ని. దాన్నే కాస్త ఉబ్బించి వేలికి అందించాడు. కంటికి తేలికైనది వేలికి తేలిక కావాలని లేదు. చూపున్నవారు చూపులేనివారికి మేలు తలపెట్టినప్పుడు సాధారణంగా జరిగే పొరపాటు ఇదే.

1821లో షార్ల్ బార్బియే అనే మాజీ సైనికాధికారి తాను కనిపెట్టిన చుక్కల లిపిని ఆ బడికి తెచ్చాడు. గీతలకన్నా చుక్కలు వేలికి ఇట్టే తెలుస్తాయని లూయిస్ పసిగట్టాడు. అయితే అందులో ఒక్కో గుర్తుకు పన్నెండు చుక్కల దాకా ఉండేవి. వేలికొన కింద అన్నీ పట్టవు. అది శబ్దాలను మాత్రమే చూపేది. అక్షరక్రమం, విరామ చిహ్నాలు, అంకెలు లేవు. అప్పుడు లూయిస్‌కు పన్నెండేళ్లు. మూడేళ్ల పాటు తోటి పిల్లలు నిద్రపోయాక, సెలవుల్లో ఇంటి దగ్గర, కాగితం మీద పొడుస్తూ, తడుముతూ, కొట్టివేస్తూ శ్రమపడ్డాడు. 1824లో, పదిహేనేళ్ల వయసులో, దారి దొరికింది. నిలువునా మూడు చొప్పున రెండు వరుసలు, మొత్తం ఆరు చుక్కలు. ఏ చుక్క లేస్తుంది, ఏది లేవదు అన్నదాన్ని బట్టి 63 గుర్తులు. వేలు పైకీ కిందికీ కదలనక్కరలేదు. ఒక్క తాకుతో అక్షరం తెలిసిపోతుంది. అక్షరాలు, అంకెలు, సంగీత స్వరాలు అన్నీ అందులోనే ఇమిడాయి. 1829లో ఆ పద్ధతిని వివరిస్తూ పుస్తకం ప్రచురించాడు. చిన్న స్లేటు, మొన ఉన్న స్టైలస్ చాలు, ఎవరైనా రాసుకోవచ్చు. చూపు తీసిన ఆర లాంటి పనిముట్టే ఆయన చేతిలో కలమైంది.

తరువాత అదే బడిలో ఉపాధ్యాయుడయ్యాడు. పారిస్ చర్చిలలో ఆరాధనకు ఆర్గన్ వాయించాడు. ఇరవైల వయసులోనే క్షయ పట్టుకున్నా బోధన మానలేదు. కానీ 1840లో వచ్చిన కొత్త సంచాలకుడు దుఫో ఈ చుక్కలను పక్కన పెట్టించాడు. చూపున్న గురువులు చదవలేని లిపి అంధులను లోకం నుంచి వేరు చేస్తుందని చుక్కలను వ్యతిరేకించినవారి వాదన. కొట్టిపారేయదగిన వాదన కాదది. దానికి తగిన జవాబు లూయిస్ అంతకు ముందే సిద్ధం చేశాడు. చూపున్నవారూ చదవగలిగేలా మామూలు అక్షరాలనే చుక్కలతో తీర్చే పద్ధతిని 1839లో ప్రకటించాడు. ఆ అక్షరాలు రాసే యంత్రాన్ని ఫూకో అనే చూపులేని స్నేహితుడు తయారుచేశాడు. ఇంటికి ఉత్తరం రాయాలంటే మరొకరి చేతి మీద ఆధారపడనక్కరలేకుండా పోయింది. బడిలోనేమో విద్యార్థులు చాటుగా చుక్కలు రాసుకుంటూనే ఉన్నారు. తమకు నిజంగా అందిన అక్షరాన్ని వాళ్లు వదులుకోలేదు. 1844లో బడి కొత్త భవనం ప్రారంభోత్సవ సభలో ఆ లిపి విలువను బహిరంగంగా చూపించారు. అప్పటికి లూయిస్ ఆరోగ్యం దెబ్బతిన్నది.

1852 జనవరి 6న, 43 ఏళ్లు నిండిన రెండు రోజులకు, ఆయన కన్నుమూశాడు. రెండేళ్ల తరువాత, 1854లో, ఫ్రాన్సు ఆ లిపిని అధికారికంగా స్వీకరించింది. మన దేశంలో 1951లో భారతి బ్రెయిలీ పేరుతో భారతీయ భాషలన్నిటికీ ఒకే పద్ధతి కుదిరింది. తెలుగు 'అ'కు ఒక్క చుక్క, 'క'కు రెండు. మన గుణింతాలూ వత్తులూ కంటికి పైనా కిందా కనిపిస్తాయి గాని, ఆ లిపిలో అన్నీ ఒకే వరుసలో, ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి. 2009లో ఆయన పుట్టి 200 ఏళ్లయినప్పుడు మన ప్రభుత్వం రెండు రూపాయల నాణెం కూడా విడుదల చేసింది.

ఇదంతా చదివాక, వచ్చే ఏటి వాగ్దాన కార్డులు బ్రెయిలీలో చేయించాలని తీర్మానించుకుని, ఉత్సాహంగా ఆ సహోదరుని ఇంటికి వెళ్లాం. అతడు నవ్వాడు. తాను బడి ముఖమే చూడలేదని, ఆ చుక్కలు తన వేళ్లకు తెలియవని చెప్పాడు. వాగ్దానాన్ని మా గొంతుతో ఫోనులో చెప్పి పంపితే రోజూ పొద్దున్నే వింటానన్నాడు. మేము తలదించుకున్నాం. బ్రెయిలీ జీవితం చదివి కూడా హావీ చేసిన పొరపాటే చేశాం. మేలు తలపెట్టాం గాని, అడగలేదు.

యెరికో దారిలో బర్తిమయి కేక వేసినప్పుడు, అతనికి కావలసింది ఏమిటో చూసినవారందరికీ తెలుసు. అయినా ప్రభువు అతణ్ణి దగ్గరకు పిలిపించి, తన వలన ఏమి కోరుతున్నాడో అతని నోటనే చెప్పించాడు. స్వస్థత కోసం ప్రార్థించడం మనకు తెలుసు. అడగడం మాత్రం ఇంకా నేర్చుకోవలసి ఉంది.

అడిగితే ఒక్కొక్కరి దారి ఒక్కోలా తెలుస్తుంది. చిన్నతనంలోనే చూపు పోయిన బిడ్డకు బ్రెయిలీ చదువుకు పునాది. పెద్దవయసులో చక్కెర వ్యాధితో చూపు పోయినవారికి వేళ్ల స్పర్శ కూడా మొద్దుబారవచ్చు, వారికి వినే పుస్తకమే మేలు. వినికిడి లేనివారికి సైగల భాష తెలిసినవారు ప్రసంగం పక్కన నిలబడాలి. ఫోనులోని టాక్‌బ్యాక్ తెలుగు అక్షరాలను చదివి వినిపిస్తుంది. కానీ మనం రోజూ వాట్సాప్‌లో పంపే వాక్యాలు పూల బొమ్మల మీద రాసిన చిత్రాలు. వాటి ముందు అది చాలాసార్లు తడబడుతుంది. కింద అదే వాక్యాన్ని అక్షరాలుగా టైపు చేస్తే చాలు. కొంతకాలం మన పత్రిక పుటలనూ చిత్రాలుగానే పెట్టిన తప్పు మాదే. గుడ్డివాని దారిలో అడ్డు వేయకూడదని లేవీయకాండము 19వ అధ్యాయంలో ఉన్న ఆజ్ఞను రాళ్లకే పరిమితం చేసుకున్నాం.

మన అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆర్‌డీటీ సంస్థ వికలాంగ పిల్లల కోసం బడులే పెట్టింది. మన ఊరి మీదుగా వెళ్లే కొత్త రైలు పెట్టెల్లో బెర్తు నంబరు దగ్గర వేలికి తగిలే చుక్కలు ఉన్నాయి. రైలుకు పట్టిన శ్రద్ధ మందిరానికి పట్టవద్దా?

ఆ రోజు సెలవు తీసుకునేటప్పుడు ఆ సహోదరుడు ఇంకొక మాట చెప్పాడు. మన ఆదివారపు బడిలో చూపు మందగిస్తున్న ఒక చిన్నపాప ఉంది. ఆ పాపకైతే ఆ చుక్కలు ఇప్పుడే నేర్పించమన్నాడు. తనలా కాకూడదన్నాడు. వచ్చే నెలలోగా ఒక స్లేటు, స్టైలస్ కొని, నేర్పేవారిని వెదకాలని సంఘ పెద్దలతో నిర్ణయించుకున్నాం. అంతకంటే ముందు ఆ పాపనూ, ఆమె తల్లినీ అడుగుతాం.

ప్రియులారా, మీ సంఘంలో ఖాళీ అట్ట పట్టుకుని ఇంటికి వెళ్లినవారు ఎవరో ఈ ఆదివారం చూడండి. వెళ్లి వారిని అడగండి. అడిగి వినే మనస్సును ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.