సైకిల్ అద్దె ఇచ్చిన మాస్టారు: సయ్యద్ అబ్దుల్ రహీం

ఈ సంచికలో పెద్దలు మన వీరుల గురించి రాస్తున్నారు. నేను హాస్టల్ వార్డెన్‌ని, టీచర్ ట్రైనింగ్ అయినదాన్ని. అందుకే ఒక బడిపంతులు గురించి రాస్తున్నాను. ఆయనది మన గూడెం కాదు, హైదరాబాద్. అయినా ఆయన కథ మన పిల్లల కథకు చాలా దగ్గర.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకుంటూ ఫుట్‌బాల్ ఆడారు. తర్వాత కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో టీచర్‌గా పనిచేశారు. అందరూ రహీం సాబ్ అనేవారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. ఆ జట్టు 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది.

బడిలో పాఠం చెప్పినట్టే మైదానంలోనూ చెప్పేవారు. కుడికాలు వాటం ఉన్నవాళ్లు ఎడమకాలితోనే ఆడాలని ప్రత్యేకంగా పోటీలు పెట్టేవారు. బంతిని తన దగ్గరే అట్టిపెట్టుకోకుండా వెంటనే పక్కవాడికి అందించడం నేర్పేవారు. బలహీనంగా ఉన్న కాలికే ఎక్కువ పని చెప్పడం ఆయన పద్ధతి.

భారత జట్టు కోచ్‌గా 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చారు. మరుసటి ఏడాదే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడిపోయాం. ఆ రోజు మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా వట్టికాళ్లతో ఆడారు. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి చేశారు. అంత పెద్ద ఓటమి తర్వాత కూడా రహీం సాబ్ మైదానం వదల్లేదు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించింది. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. చివరికి నాలుగో స్థానం వచ్చింది.

ఆ జట్టులో తులసీదాస్ బలరాం అనే కుర్రాడు ఉన్నాడు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ అతని ఊరు. ఇంట్లో పేదరికం. ఆట చూసి రహీం సాబ్ శిక్షణకు రమ్మన్నారు. రోజూ అంత దూరం రావడానికి అతని దగ్గర డబ్బుల్లేవు. సైకిల్ అద్దెకు రహీం సాబే డబ్బులిచ్చి పిలిపించుకున్నారు. ఆ కుర్రాడే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టి దేశంలోని గొప్ప ఫార్వర్డ్‌లలో ఒకడయ్యాడు.

1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం సాబ్‌కు క్యాన్సర్. అయినా జట్టుతో వెళ్లారు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడిపోయాం. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఆ తలతో వెనక ఆడటం కష్టమని రహీం సాబ్ అతన్ని ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. సెప్టెంబర్ 4న ఫైనల్‌లో మళ్లీ కొరియాయే ఎదురైంది. లక్షమంది ప్రేక్షకులు మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, ఆ కుట్లు పడిన జర్నైల్ ఒక గోల్ కొట్టారు. 2–1తో గెలిచాం. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మా హాస్టల్‌లో ఒక అమ్మాయి ఉండేది. సెలవుల్లో గోదావరి ఇసుకలో మగపిల్లలతో సమానంగా వట్టికాళ్లతో బంతి ఆడేది. ఖమ్మంలో సెలక్షన్స్ ఉన్నాయని తెలిసింది. తోడు ఎవరు వెళ్తారు, బస్సు ఖర్చు ఏ పద్దులో రాయాలి అని ఆలోచిస్తూ రెండు రోజులు గడిపేశాను. తేదీ దాటిపోయింది. ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. పదో తరగతి తర్వాత మిరపకాయలు ఏరడానికి వెళ్లింది. బలరాం సైకిల్ సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్లకు అడ్డం పడింది అడవి కాదు, దూరం కాదు. ఒక బస్సు టికెట్టు, నా బద్ధకం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీలో కొందరు రేపు టీచర్లవుతారు, వార్డెన్లవుతారు, ఉద్యోగాల్లో చేరతారు. మీ గూడెంలో బాగా ఆడే పిల్ల కనిపిస్తే ముందు బస్సెక్కించండి. పద్దు తర్వాత రాసుకోవచ్చు. ఆటలో ఉన్న మీరు మాత్రం బలహీనంగా ఉన్న కాలితో రేపటి నుంచే ఆడటం మొదలుపెట్టండి. ఈసారి సెలక్షన్స్ తేదీ నేను మా హాస్టల్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాను.