కంప్యూటరు లోపలి మనిషి – డెనిస్ రిచీ

గోవింద్‌పూర్‌లో ఉండే మేం నలుగురు తెలుగు పిల్లలం కలిసి పోయిన ఏడాది ఒక సైన్సు ప్రాజెక్టు చేశాం. ఇవ్వాల్సిన ముందురోజు సాయంత్రం పెన్‌డ్రైవ్‌లోని మా నివేదిక తెరుచుకోలేదు. పేరు చివర జేపీజీ అని ఉంది కాబట్టి బొమ్మలు చూసే ప్రోగ్రాములో తెరిచాం. ఫైలు పాడైందని వచ్చింది. నెల రోజుల కష్టం పోయిందని ఏడుపొచ్చింది. అప్పుడు మాలో ఒకరి అన్నయ్య లైనక్స్ కంప్యూటరులో నల్లని తెర తెరిచి, 'ఫైల్' అనే ఆదేశం టైపు చేసి, పక్కన మా ఫైలు పేరు రాశాడు. అది పీడీఎఫ్ అని జవాబు వచ్చింది. పేరు మార్చేటప్పుడు పొరపాటు చేసింది మేమే! పేరు సరిచేయగానే నివేదిక తెరుచుకుంది. ఆ ఆదేశం ఎక్కడిదని వెతికితే మాకు డెనిస్ రిచీ గురించి తెలిసింది.

రిచీ 1941 సెప్టెంబరు 9న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించారు. తండ్రి ఎలిస్టర్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో శాస్త్రవేత్త. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం, గణితం చదివిన డెనిస్ 1967లో తానూ అక్కడే చేరారు. పరిశోధన గ్రంథం రాసినా డాక్టరేట్ పట్టా మాత్రం అందుకోలేదు.

1969లో సహోద్యోగి కెన్ థాంప్సన్ ఒక చిన్న పాత కంప్యూటరు మీద యూనిక్స్ మొదలుపెట్టారు. రిచీ ఆయనకు తోడయ్యారు. తర్వాత రిచీ సి భాషను తయారుచేశారు. 1973లో యూనిక్స్‌ను ఆ భాషలోనే తిరగరాశారు. దాంతో యూనిక్స్‌ను ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి మార్చడం తేలికైంది. 'ఫైల్' ఆదేశం కూడా 1973 నాటి యూనిక్స్ నాలుగో కూర్పులోనే వచ్చింది.

ఈ ఆదేశం పేరును నమ్మదు, ఫైలు లోపలి మొదటి అక్షరాలు చదువుతుంది. పీడీఎఫ్ అయితే శాతం గుర్తు, వెంటనే పీడీఎఫ్ అనే అక్షరాలు ఉంటాయి. జిప్ ఫైలు పీకే అని మొదలవుతుంది. ఇలాంటి గుర్తులను మ్యాజిక్ నంబర్లు అంటారు. తొలి యూనిక్స్‌లో ప్రోగ్రాము ఫైళ్లు 407 అనే సంఖ్యతో మొదలయ్యేవి. నిజానికి అది ముందున్న వివరాలు దాటి అసలు ప్రోగ్రాములోకి వెళ్లమని యంత్రానికిచ్చే సూచన. పోనుపోను అదే ప్రోగ్రాముకు ఆనవాలైంది. ఇప్పుడు లైనక్స్‌లో మనం వాడే 'ఫైల్'ను ఇయాన్ డార్విన్ 1986లో కొత్తగా రాయడం మొదలుపెట్టారు. ఫోటో పేరుతో వచ్చే హానికరమైన ప్రోగ్రామును తెరవకముందే పసిగట్టడానికీ ఇది పనికొస్తుంది.

రిచీ, థాంప్సన్‌లకు 1983లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. రిచీ 2007లో పదవీ విరమణ చేశారు. 2011 అక్టోబరులో, స్టీవ్ జాబ్స్ పోయిన వారానికి, న్యూజెర్సీలోని తన ఇంట్లో ఒంటరిగా కన్నుమూశారు. జాబ్స్ కోసం లోకమంతా కన్నీరు పెట్టింది. రిచీ మరణం చాలామందికి తెలియనే లేదు. కానీ జాబ్స్ అమ్మిన కంప్యూటర్లలోనూ, మన ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ రిచీ కృషి ఉంది.

పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు పెద్దలు. రిచీ విషయంలో అది తలకిందులైంది. పేరు ఎక్కడా కనబడదు, పని మాత్రం అన్నింటి లోపలా ఉంది. మిత్రులారా, ఈసారి ఫైలు తెరుచుకోకపోతే కంగారుపడి చెరిపేయకండి. లోపల ఏముందో ఒక్కసారి చూడండి.