ఋష్యశృంగుని కథకు రంగులద్దిన చిత్రకారుడు: దామెర్ల రామారావు

నన్నయభట్టు రాజరాజనరేంద్రుని ఆస్థానంలో మహాభారతాన్ని తెనిగించిన రాజమహేంద్రవరంలోనే, సుమారు తొమ్మిది వందల సంవత్సరాల అనంతరం, మరొక తెలుగు కళాకారుడు అదే భారతంలోని ఒక కథను రంగులలో తిరిగి చెప్పినారు. నన్నయగారికి గంటము సాధనమైతే వీరికి కుంచె సాధనమైనది. ఆ కథ ఋష్యశృంగునిది. ఆ చిత్రకారుడు దామెర్ల రామారావుగారు. ఇరువదియెనిమిదేండ్లయినా నిండకుండ ముగిసిన జీవితం వారిది. అయినప్పటికీ ఆధునికాంధ్ర చిత్రకళా చరిత్రను ప్రారంభించేవారెవరూ వారి పేరును దాటిపోలేరు.

ముందుగా ఆ కథను స్మరించుకోవడం అవసరం. విభాండక మహర్షి కుమారుడు ఋష్యశృంగుడు. తండ్రిని తప్ప మరొక మానవుని ముఖమెరుగక అడవిలో పెరిగినవాడు. స్త్రీ అనే ప్రాణి లోకంలో ఉన్నదని కూడ తెలియనివాడు. అంగదేశంలో వానలు లేక ప్రజలు అలమటించుచుండగా, ఆ ముని కుమారుడు అడుగుపెడితే వర్షాలు కురుస్తాయని పెద్దలు రోమపాద మహారాజుకు చెప్పినారు. రాజు వేశ్యాంగనలను పంపినాడు. వారు నావమీద ఆశ్రమం వంటి దానిని నిర్మించుకొని, ఏటివెంట వచ్చి, తండ్రి లేని సమయం చూచి బాలుని కలుసుకొన్నారు. ఆ వచ్చినది కూడ తనవంటి ఒక బ్రహ్మచారియే అని భావించి, ఆ వింత మునికుమారుని అందచందాలను తండ్రికి వర్ణించి చెప్పిన అమాయకుడు ఋష్యశృంగుడు. చివరకు అతడు అంగదేశం చేరినాడు, వానలు కురిసినవి, శాంతాదేవితో వివాహం జరిగినది. దశరథ మహారాజు చేత పుత్రకామేష్టి చేయించినది కూడ ఇతడే కనుక, రామాయణ కథకు సైతం ఇతడు ద్వారపాలకుని వంటివాడు.

ఈ కథ ఒక మతానికిగాని, ఒక భాషకుగాని కట్టుబడి ఉండలేదు. బౌద్ధుల జాతక కథలలో ఇతడే ఇసిసింగుడు. భర్హుత్ స్తూపంపై శిల్పులు ఇతని జన్మ వృత్తాంతాన్ని చెక్కినారు. బౌద్ధంతోపాటు తూర్పు దేశాలకు పయనించి, జపానులో ఒంటికొమ్ము మునిగా మారి, అక్కడి నో నాటకాలలో పాత్రధారి అయినాడు. ప్రతి దేశంవారు ఆ కథను తమ కళ్ళతో చూచుకొన్నారు; తమ ముఖాలను, తమ వస్త్రాలను, తమ చెట్టుచేమలను దానికి తొడిగినారు. పాతకథ నిలిచి ఉండడానికి రహస్యం అదియే. గోదావరి ఒడ్డున ఆ కార్యాన్ని నెరవేర్చినవారు రామారావుగారు.

వారు 1897వ సంవత్సరం మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరంలో జన్మించినారు. చిన్ననాటనే బొమ్మలు వేయడంలో ఆసక్తి కనబరచినారు. కాని ఆ రోజులలో చిత్రలేఖనం మధ్యతరగతి కుటుంబాలకు జీవనోపాధిగా తోచే విద్య కాదు. పరీక్షలలో ఉత్తీర్ణుడై, ప్లీడరో, గుమాస్తాయో కావడమే బుద్ధిమంతుని లక్షణం. అటువంటి వాతావరణంలో ఆ బాలుని చేతిలోని శక్తిని గుర్తించినవారు ఒక ఆంగ్లేయుడు కావడం విశేషం.

ఆయన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర. 1909 నుండి 1919 వరకు రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్నారు. స్వయంగా కవి, నీటిరంగుల చిత్రకారుడు. పాలకజాతికి చెందినవారైనా, శిష్యులను ఇంగ్లండు వైపుగాక వారి సొంత గడ్డవైపు చూడుమని ప్రబోధించిన గురువు. భీమవరం ప్రాంతంలో పుట్టి తరువాత కవిగా, నవలాకారునిగా, చిత్రకారునిగా ప్రసిద్ధి పొందిన అడివి బాపిరాజుగారు, కవి కవికొండల వెంకటరావుగారు, చిత్రకారుడు వరదా వెంకటరత్నంగారు ఆయన అభిమానానికి పాత్రులైనవారే. ఒక ఉపాధ్యాయుడు తన పాఠ్యప్రణాళికకు వెలుపల ఎంత చేయగలడో తెలుసుకొనడానికి ఈ శిష్యవర్గమే చాలును.

కూల్డ్రే దొర రామారావుగారిని అజంతా, ఎల్లోరా గుహలకు తీసుకొనివెళ్ళి చూపించినారు. గోడలపై వందల సంవత్సరాలనాడు పేరు చెప్పుకొనకుండ చిత్రించి వెళ్ళిన ఆ మహానుభావుల రేఖ, యువకుని మనస్సులో చెరగని ముద్ర వేసినది. జాతక కథలను ఆ చిత్రకారులు తమ కాలపు మనుష్యుల రూపాలలోనే చూపించినారు. రాజులు, దాసీలు, వర్తకులు, ఏనుగులు, అరటిచెట్లు అన్నీ వారి కంటి ఎదుట ఉన్నవే. పురాణ కథను చిత్రించదలచినవాడు మొదట తన వీధిని చూడడం నేర్చుకోవలెనన్న పాఠం అజంతా గోడలపై ఉన్నది.

గురువుగారి ప్రోత్సాహంతో 1916లో రామారావుగారు బొంబాయి వెళ్ళి జె.జె. చిత్రకళాశాలలో చేరినారు. అక్కడ పాశ్చాత్య పద్ధతిలో మానవదేహ నిర్మాణం, వెలుగునీడల విభజన, తైలవర్ణాల వినియోగం శాస్త్రీయంగా అభ్యసించినారు. 1920 నాటికి చదువు ముగిసినది. గుజరాతు ప్రాంతాలలో సంచరించి అక్కడి జనాన్ని, వేషభాషలను పరిశీలించినారు. ఎక్కడకు వెళ్ళినా పెన్సిలు, కాగితం వారి చేతిని వీడలేదు. వారు నింపిన రేఖాచిత్రాల పుస్తకాలు ఆ కఠోర సాధనకు సాక్ష్యాలు.

ఆనాటి భారత చిత్రకళ రెండు దారుల కూడలిలో నిలిచి ఉన్నది. ఒక వైపు రవివర్మగారి సంప్రదాయం. పురాణ పాత్రలను తైలవర్ణాలలో, పాశ్చాత్య రీతిలో చిత్రించి, అచ్చు ప్రతుల మూలంగా ఇంటింటి గోడకు చేర్చినది అది. రెండవ వైపు అవనీంద్రనాథ ఠాకూరుగారి వంగీయ సంప్రదాయం. మొగలు చిత్రాలనుండి, అజంతా నుండి, జపాను చిత్రకళ నుండి ప్రేరణ పొంది, పలుచని నీటిరంగులలో స్వప్నం వంటి లోకాన్ని సృష్టించినది. దేశమంతటా యువ చిత్రకారులు ఈ రెండింటిలో ఒకదానికి శిష్యులైపోవుచున్న కాలమది. రామారావుగారు రెండింటిని గౌరవించినారు. దేనికిని బందీ కాలేదు. బొంబాయి నేర్పిన దేహనిర్మాణ జ్ఞానాన్ని, అజంతా నేర్పిన రేఖను కలిపి, తెలుగునేల మనుష్యులకు, తెలుగునేల ప్రకృతికి వాటిని వినియోగించినారు. ఆంధ్ర సంప్రదాయమని తరువాతివారు పేర్కొన్నది ఈ సమ్మేళనాన్నే.

1922లో కలకత్తాలో ప్రాచ్యకళా సంఘంవారు నిర్వహించిన ప్రదర్శనలో, ఋష్యశృంగుని వశీకరణాన్ని వస్తువుగా తీసుకొని రామారావుగారు చిత్రించిన చిత్రానికి బహుమతి లభించినది. వంగీయ సంప్రదాయానికి పుట్టినిల్లయిన నగరంలో, ఆ సంప్రదాయంవారి సంఘమే ఒక తెలుగు యువకుని ఈ విధంగా గౌరవించడం సామాన్య విషయం కాదు.

ఆ కథలోనుండి వారు ఎన్నుకొన్న ఘట్టమేదో గమనించవలెను. వాన కురిసిన ఘట్టం కాదు. వివాహ మహోత్సవం కాదు. యజ్ఞశాల అంతకంటే కాదు. ఒక అమాయకుని లోకం మారిపోయే క్షణం అది. చిత్రకారునికి ఇంతకన్న కఠిన పరీక్ష లేదు. ఋష్యశృంగుని ముఖంలో కాంక్ష కనబడితే అతడు ముని కుమారుడు కాడు. ఏమీ కనబడకపోతే కథ లేదు. తెలియనితనం తెలివిగా మారుచున్న సంధ్యాసమయాన్ని పట్టుకోవలెను. కవికి ఒక పద్యం తరువాత మరొక పద్యం చెప్పే అవకాశమున్నది. చిత్రకారునికి ఉన్నది ఒక్క నిమిషమే. ముందు వెనుకల కథనంతటినీ అందులోనే ఇమడ్చవలెను. పాతకథను తిరిగి చెప్పడమంటే దానిని మార్చివేయడం కాదని, అందులో అంతవరకు ఎవరూ ఆగి చూడని చోట ఆగి చూడడమని ఈ ఎన్నిక తెలుపుచున్నది.

గోదావరి మండలానికి ఈ కథ పరాయిది కూడ కాదు. ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలి, వసిష్ఠ నరసాపురం మీదుగా సాగి అంతర్వేది వద్ద సముద్రంలో కలిసే ఈ నది ఒడ్డునే, 1852లో ఆనకట్ట పూర్తికాక పూర్వం, జనం కరవుకాటకాలతో అల్లాడినారు. వానకోసం ఎదురుచూచే దేశం, ఏటిమీద తేలివచ్చే నావ, ఒడ్డున చెట్ల నీడ అన్నవి ఇక్కడివారికి ఊహలు కావు. రామారావుగారు ఈ నదిని ఎంతగా ప్రేమించినారో, తూర్పు కనుమల నడుమ సాగే గోదావరిని చూపించిన వారి ప్రకృతి చిత్రమే చెప్పగలదు. నాటి రాజప్రతినిధి రీడింగు ప్రభువు దానిని మెచ్చి కొనుగోలు చేసినారు. 1924లో లండనులోని వెంబ్లీ ప్రదర్శనలో కూడ వారి చిత్రాలకు స్థానం లభించినది. సిద్ధార్థ రాగోదయం, పుష్పాలంకరణ, కార్తీక పౌర్ణమి, నందిపూజ మొదలైనవి వారి ఇతర ప్రసిద్ధ చిత్రాలు. ఋష్యశృంగుడు, సిద్ధార్థుడు ఇరువురూ లోకం తెలియకుండ పెంచబడినవారే. అటువంటి హృదయంలో అనురాగం మొలకెత్తే క్షణం రామారావుగారి కుంచెను రెండు పర్యాయాలు ఆకర్షించినది.

ఇంత పేరు వచ్చిన పిదప బొంబాయిలోనో, కలకత్తాలోనో స్థిరపడి ఉంటే వారికి సంపాదన, ప్రఖ్యాతి ఇంకను పెరిగి ఉండేవి. వారు జన్మస్థలానికే తిరిగి వచ్చినారు. రాజమహేంద్రవరంలో చిత్రకళాశాలను నెలకొల్పి, రుసుము లేకుండ విద్య నేర్పినారు. భార్య సత్యవాణిగారు, సోదరి బుచ్చికృష్ణమ్మగారు సైతం కుంచె పట్టి చిత్రకారిణులైనారు. స్త్రీలకు అక్షరాభ్యాసమే అరుదైన కాలంలో ఒక ఇంటిలో ఇద్దరు స్త్రీలు చిత్రకళను అభ్యసించడం, ఆ ఇంటి యజమాని మాటకు, చేతకు భేదం లేదనడానికి నిదర్శనం.

కాని విధి వారికి ఎక్కువ వ్యవధి ఇవ్వలేదు. 1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచి వ్యాధితో రామారావుగారు దివంగతులైనారు. ఆ వ్యాధికి టీకా 1796లోనే కనుగొనబడినప్పటికీ, దేశంలో మహమ్మారి అదుపునకు రావడానికి ఇంకను అర్ధశతాబ్దం పట్టినది. ప్రపంచం దానినుండి పూర్తిగా విముక్తమైనదని ప్రకటన వెలువడినది 1980లో. ఆ జాప్యానికి బలియైన అసంఖ్యాకులలో తెలుగువారి ఈ చిత్రకారుడొకరు. బొంబాయి చదువు ముగిసిన తరువాత వారికి లభించినది ఐదు సంవత్సరాల కాలం మాత్రమే. నేడు మనం చూచి ఆశ్చర్యపడుచున్న ప్రౌఢ చిత్రాలలో అధికభాగం ఆ ఐదేండ్ల పంట.

ఆయన మరణంతో ఆ విద్య అంతరించలేదు. ప్రాణమిత్రుడైన వరదా వెంకటరత్నంగారు కళాశాల బాధ్యతను తలకెత్తుకొని మరికొన్ని తరాల విద్యార్థులకు శిక్షణ ఇచ్చినారు. సత్యవాణిగారు భర్త చిత్రాలను కాపాడినారు. వారి పేరిట రాజమహేంద్రవరంలో నెలకొన్న చిత్రశాల నేడు ప్రభుత్వ నిర్వహణలో ఉన్నది. తైలవర్ణ చిత్రాలు, నీటిరంగుల చిత్రాలు, రేఖాచిత్రాలు అక్కడ చూడవచ్చును.

నరసాపురం, భీమవరం, పాలకొల్లు పాఠశాలల ఉపాధ్యాయులు తమ విద్యార్థులను అచటికి ఒక పర్యాయం తీసుకొనివెళ్ళడం శ్రమకు తగిన కార్యం. అజంతాకు తీసుకొనివెళ్ళిన ఒక గురువు మూలంగానే తెలుగుదేశానికి ఒక చిత్రకారుడు లభించినాడు. పాఠ్యపుస్తకం అంచులలో బొమ్మలు వేసే బాలుడు నేటి తరగతులలోనూ ఉన్నాడు. వానిని మందలించవలెనో, వాని చేతికి మంచి కాగితం ఇవ్వవలెనో నిర్ణయించేది ఉపాధ్యాయుడే.